తలకిందులైన తారు ముద్ద

1974 జూన్ మొదటి వారంలో నన్ను వార్తల డెస్కు నుంచి ఆదివారం అనుబంధానికి మార్చారు. హోదా మారలేదు. హైదరాబాదులోని ఒక తెలుగు దినపత్రికలో, ప్రొబేషన్‌లో ఉన్న సబ్‌ఎడిటర్‌ని. సెప్టెంబరు నెలాఖరుకు ఏడాది పూర్తవుతుంది. అప్పుడు ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్నది అనుబంధం ఇన్‌చార్జి రామ్మూర్తి గారి నివేదిక మీద ఆధారపడి ఉంటుంది.

మా ఆఫీసులో పొరపాట్ల రిజిస్టర్ ఒకటి ఉండేది. ఎవరి చేతి మీదుగా తప్పు అచ్చయిందో వాళ్ళే స్వహస్తంతో అందులో రాసి, సంతకం చేసి, ఇన్‌చార్జి చేత పొట్టి సంతకం పెట్టించుకోవాలి. ప్రొబేషన్ కాలంలో మూడు పద్దులు పడితే ఖాయం చేయడం వాయిదా పడుతుంది. నాకప్పటికే రెండున్నాయి. ఒకటి, ఒక మంత్రిగారికి ఆయనది కాని శాఖ అంటగట్టాను. రెండోది, గ్రహణం పట్టే వేళను విడిచే వేళగా, విడిచే వేళను పట్టే వేళగా వేశాను. మొదటిదానికి ఎవరూ ఫోన్ చేయలేదు. రెండోదానికి మా టెలిఫోన్ ఆపరేటరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆగస్టులో శేషగిరి గారి వ్యాసం వచ్చింది. ఆయన రిటైరైన చరిత్ర అధ్యాపకులు, నారాయణగూడలో ఉండేవారు. కాలిఫోర్నియాలో ఉన్న ఒక మిత్రుడు పంపే పత్రికలు చదివి, మా అనుబంధానికి అప్పుడప్పుడు రాసేవారు. తెల్లకాగితం మీద ఒక్క వైపే, మార్జిను వదిలి, దిద్దుబాటు అక్కరలేని తెలుగులో రాసేవారు. సబ్‌ఎడిటర్లకు అలాంటి రచయిత దొరకడం సెలవు దొరికినట్టే.

వ్యాసం చూమాష్ అనే ప్రజల పడవల గురించి. వీళ్ళు కాలిఫోర్నియా తీరంలోనూ, దానికి ఎదురుగా ఉన్న దీవుల్లోనూ ఉండేవారు. ఆ చుట్టుపక్కల చాలామంది రెల్లు కట్టలు కట్టిన తెప్పలతోనో, దొలిచిన మానులతోనో సరిపెట్టుకుంటే, వీళ్ళు పలకలతో పడవ కట్టారు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలను చీల్చి పలకలు చేసేవారు. ఇనుము లేదు, మేకులు లేవు. పలకల అంచుల్లో రాతి మొనతో రంధ్రాలు తొలిచి, నార తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. ఆ నేలలో సహజంగా ఊరే తారును దేవదారు బంకతో కలిపి కాచి, సందుల్లో పోసేవారు. ఆ పడవను వాళ్ళు తొమొల్ అనేవారు.

ఆ పడవ ఎప్పటిది, ఎలా పుట్టింది అన్నది వ్యాసంలోని ప్రశ్న. కర్ర కుళ్ళిపోతుంది, తాడు కుళ్ళిపోతుంది. పాతకాలపు పడవ చెక్కుచెదరకుండా ఒక్కటీ దొరకలేదు. కాబట్టి తవ్వకాలు చేసేవాళ్ళు పడవ వదిలి వెళ్ళిన గుర్తులను వెతుక్కోవాలి. రంధ్రాలు తొలిచిన రాతి మొనలు. పలక అంచు, తాడు ఒరిపిడి అచ్చు పడిన తారు ముద్దలు. పాత చెత్తకుప్పల్లో లోతు సముద్రపు పెద్ద చేపల ఎముకలు. గట్టి పడవ లేనిదే అలాంటి చేపలు ఇంటికి రావు. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన నావికులెవరో నేర్పి ఉంటారని కొందరు, రెల్లు తెప్పల నుంచి మెల్లమెల్లగా వాళ్ళే కనిపెట్టుకున్నారని ఇంకొందరు అంటున్నారని శేషగిరి గారు రెండూ చెప్పి, తీర్పు చెప్పకుండా ఆపేశారు.

వ్యాసంతోపాటు నాలుగు ఫొటోలు పంపారు. నాలుగోది తారు ముద్ద. ‘పలకల సందులో లోపలి వైపు నుంచి పోసిన తారు’ అని దాని వ్యాఖ్య.

ఆ రోజుల్లో ఫొటో అచ్చు కావాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. ఫొటో వెనక మైదా జిగురుతో ఒక చీటీ అతికిస్తాం. ఎన్ని కాలమ్‌ల వెడల్పు, ఏ తేదీ పేజీ, ఎవరి సంతకం అన్నవి దాని మీద ఉంటాయి. బ్లాకు విభాగం వాళ్ళు ఆ కొలతకు బొమ్మను రేకు మీద చెక్కి, రేకును చెక్క దిమ్మకు మేకులతో బిగించి పంపుతారు. గురువారం మధ్యాహ్నం ఆ దిమ్మలనూ, సీసం అక్షరాల వరుసలనూ పెద్ద బల్ల మీద ఇనుప చట్రంలో పేర్చి పేజీ కడతారు. పేర్చేది ఫోర్‌మన్ బషీర్ భాయ్. పక్కన నిలబడి చెప్పేది సబ్‌ఎడిటర్.

బషీర్ భాయ్ తారు ముద్ద బ్లాకును చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“ఏం సార్, గీ బొగ్గుముక్కకు తల ఏది, కాళ్ళేవి?”

ఫొటో తెప్పించి చూసి ఉండాల్సింది. చూడలేదు. ముద్ద నుంచి ఒక కాడ సాగి, దాని కొసన గుండ్రంగా ఒక బొట్టు ఉంది. బొట్టు పైకి వచ్చేలా పెట్టి చూశాను. శీర్షిక కింద చక్కగా అమరింది.

“మస్తుంది సార్, దీపం లెక్క,” అన్నాడు బషీర్ భాయ్. “గిదే బ్లాకు దీపావళికి గూడ పనికొస్తది. తీసి పెడ్తా.”

ప్రూఫ్ మీద రామ్మూర్తి గారు సంతకం చేశారు. ఆదివారం పేజీ వచ్చింది. చూసుకుని మురిసిపోయాను.

మంగళవారం పదకొండు గంటలకు, ఒకాయన నా కోసం వచ్చాడని గేటు దగ్గరి నుంచి కబురు పంపారు. యాభై ఏళ్ళుంటాయి. ధోవతి, తలకు తువ్వాలు, చంకలో మడిచిన మా ఆదివారం పేజీ. అరచేతి గీతల్లో నలుపు ఇంకిపోయి ఉంది. పేరు సాయన్న అనీ, ఊరు నానక్‌రామ్‌గూడ అనీ చెప్పాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“పేపర్ల బొమ్మలు వెట్టే సారు మీరేనా?”

ఈ పేజీ వరకు నేనే అన్నాను.

“గీ డాంబర్ ముద్దను బోర్ల వెట్టిండ్రు సార్.”

నాకు ముందు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. పేజీని బల్ల మీద పరిచి, బొట్టు మీద వేలు పెట్టాడు. తాను పుట్లు కడతాననీ, అత్తగారి ఊరు కృష్ణ ఒడ్డున ఉంటే అక్కడ నేర్చుకున్నాననీ, చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళ పుట్లన్నీ తనవేననీ చెప్పాడు. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి, మందపాటి గుడ్డ కప్పి, తారు పూసే గుండ్రటి పడవ.

“కాగిన డాంబరు వోస్తె కిందికి కారుతది. కారుకుంట కారుకుంట కొసకు వొయ్యి గోలి లెక్క ఆగుతది. గా గోలి కిందికుండాలె. మీరు మీదికి వెట్టిండ్రు. డాంబరు మీదికి కారుతదా సార్, మీ పట్నంల?”

తప్పించుకునే దారి వెతకడం మా వృత్తిలో త్వరగా అబ్బుతుంది. పడవను బోర్లించి పూసి ఉండవచ్చు కదా అన్నాను. సాయన్న అప్పుడు నవ్వాడు.

“నేను గూడ పుట్టిని బోర్లేసే వూస్త. గది బయటి దిక్కు పని. గిది లోపటికెల్లి వోసిందని మీరే రాసిండ్రట, మా బడి సారు సదివి చెప్పిండు. బోర్లేసిన పడవల లోపటికెల్లి ఎట్ల వోస్తరు? కిందికెల్లి దూరి వోస్తే మొకం మీద వడ్తది గద!”

మా వ్యాఖ్యే మా బొమ్మను తప్పు పడుతోంది. ఇంతకీ ఇంత దూరం ఎందుకు వచ్చావని అడిగాను. ఆదివారం పొద్దున ఊరి హోటల్లో బడి సారు జంగయ్య పేపరు చదివి వినిపించాడట. బొమ్మ తలకిందులుగా ఉందని సాయన్న అన్నాడు. అచ్చులో తప్పు పడుతుందా, నీకేం తెలుసని సారు అన్నాడు. హోటల్ హోటలంతా నవ్వింది.

“ఇగ నా పేరే మార్చిండ్రు సార్. ఎడిటర్ సాయన్న అంటున్నరు. ‘ఏం ఎడిటర్ సాబ్, సూర్యుడు మంచిగనే పొడిసిండా, జర చూసి చెప్పు’ అంటున్నరు. నవ్వుడుకు ఫికర్ లేదు. గని ఊర్ల పుట్లకు డాంబరు వూసేది నేను. డాంబరు ఎటు కారుతదో ఎర్క లేనోడని పేరు వడితె, రేపు నా పుట్టి ఎవడెక్కుతడు?”

తరువాత వచ్చిన పని చెప్పాడు. జంగయ్య సారు వచ్చే ఆదివారం దాకా గడువిచ్చాడు. అప్పటిలోగా పేపరే తన తప్పు ఒప్పుకుంటే సరి. లేకపోతే సాయన్న హోటల్లో అందరి ముందు మాట వెనక్కి తీసుకోవాలి.

“తప్పయితే తప్పని ఎయ్యిండ్రి. నాదే తప్పయితే గదే ఎయ్యిండ్రి సార్, నోరు మూస్కుంట.”

అసలు ఫొటో చూసి చెబుతానన్నాను. టీ తెప్పిస్తే తాగి, పేజీని మళ్ళీ అవే మడతల్లో మడుచుకుని వెళ్ళిపోయాడు.

ఫొటోల కవరు బ్లాకు విభాగం నుంచి అప్పటికే నా సొరుగులోకి తిరిగి వచ్చింది. తారు ముద్ద ఫొటో వెనక్కి తిప్పాను. నేను అతికించిన చీటీ. దాని అంచు కింది నుంచి ఒక పెన్సిల్ గీత కొంచెం బయటికి వచ్చి ఉంది. తడిగుడ్డతో అద్ది చీటీని మెల్లగా లేపాను. శేషగిరి గారి అక్షరాల్లో ‘పైవైపు’ అని, పక్కన బాణం. బాణం చూపుతున్నది బొట్టు లేని వైపు. ఆయన నాలుగు ఫొటోల వెనకా అలాగే గుర్తు పెట్టారు. నేను నాలుగింటి మీదా చీటీలు అతికించాను. మిగతా మూడూ అదృష్టం కొద్దీ నిటారుగా పడ్డాయి.

ఇది మూడో పద్దు. నివేదికకు ఇంకా నెలరోజులే ఉంది. ఆఫీసులో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నానక్‌రామ్‌గూడ నుంచి ఆఫీసుకు ఎవరూ ఉత్తరం రాయబోరు. చీటీని మళ్ళీ అతికించాను. ఈసారి జిగురు ఎక్కువే పెట్టాను.

అచ్చయిన తరువాత అసలు ఫొటోలను రచయితకు తిరిగి ఇవ్వాలన్నది నిబంధన. బుధవారం సాయంత్రం నేనే తీసుకుని నారాయణగూడ వెళ్ళాను. శేషగిరి గారు ఒక్కొక్క ఫొటోనూ తీసి చూసుకుని, నాలుగోదాని వెనక ఉబ్బుగా ఉన్న చీటీని బొటనవేలితో తడిమారు. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం వల్ల నేనే చెప్పేశాను, బొమ్మ తలకిందులుగా పడిందని.

“ఆదివారం పొద్దున్నే చూశానండి,” అన్నారు. “ఒక్క బొమ్మ కోసం మీ ఆఫీసుకు ఉత్తరం రాస్తే మీకు ఇబ్బందవుతుందేమో అనిపించింది. అయినా ఎవరు గమనిస్తారు లెండి.”

గమనించిన మనిషి గురించి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. బొట్టు సంగతి, బోర్లించిన పడవ సంగతి నాచేత రెండుసార్లు చెప్పించుకుని, ఒక కాగితం మీద రాసుకున్నారు. రాయడం అయ్యాక కళ్ళజోడు తీశారు.

“మిత్రుడు పైవైపు ఏదో రాశాడు, నేను బాణం గీసుకున్నాను కాబట్టి నాకు తెలిసింది. ఆయనకు ముద్దను చూస్తే తెలిసింది. నేను ఈ ఫొటోను రెండు నెలలు దగ్గర పెట్టుకున్నానండి, ఆ బొట్టు ఎందుకలా ఉందని ఒక్కసారీ అనుకోలేదు.”

గురువారం పేజీ కట్టే వేళకు ముందే రామ్మూర్తి గారి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయనది కాకినాడ. ముప్పై ఏళ్ళుగా పత్రికల్లో ఉన్నారు. కోపం వస్తే గొంతు తగ్గించేవారు. చీటీ సంగతి, మళ్ళీ అతికించిన సంగతి కూడా చెప్పాను. గొంతు బాగా తగ్గింది.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ?”

తెలిసేది కాదన్నాను.

“మీకు ఇది మూడోది కదా?”

అవునన్నాను. ఆదివారం నానక్‌రామ్‌గూడ హోటల్లో పుట్లు కట్టే మనిషి ఒకడు తన మాట వెనక్కి తీసుకోవలసి వస్తుందని, ఆయన మాట నిజమని చెప్పాను. రామ్మూర్తి గారు రిజిస్టర్ తెమ్మన్నారు. నేను రాశాను, ఆయన పొట్టి సంతకం పెట్టారు. తరువాత సవరణ రాసుకు రమ్మన్నారు.

నేను పదకొండు పంక్తులు రాశాను. అందులో విచారం, కృతజ్ఞత, చూమాష్ ప్రజల ప్రతిభ అన్నీ ఉన్నాయి. ఆయన ఎర్ర పెన్సిల్‌తో నాలుగు పంక్తులు మిగిల్చారు. తప్పు ఏ పేజీలో, ఏ చోట పడిందో సవరణ కూడా అక్కడే పడాలి; బొమ్మ మళ్ళీ సరిగా వేయాలన్నారు. పాఠకుడి పేరు కూడా వేద్దామన్నాను. సవరణల్లో పాఠకుల పేర్లు వేయకూడదన్నది మా పత్రిక నియమం.

“పేరు వేస్తే రేపు పొద్దున్నే మెట్ల మీద క్యూ కడతారండీ. కుదరదు.”

కాగితం నా చేతికి ఇవ్వబోయి ఆగారు. “ఆ ఊళ్ళో పుట్లు కట్టేవాళ్ళు ఎంతమంది?” అని అడిగారు. ఒక్కడేనన్నాను. ‘ఒక పాఠకుడు’ అన్న మాటను కొట్టేసి ‘నానక్‌రామ్‌గూడలో పుట్లు కట్టే పాఠకుడొకరు’ అని రాశారు. పేరు వేయలేదు కాబట్టి నియమం చెడలేదు.

ఆదివారం సైకిల్ మీద బయలుదేరాను. మెహిదీపట్నం దాటితే ఊరు అయిపోయేది. ఇప్పుడు మణికొండలో మా అపార్ట్‌మెంట్ నుంచి నానక్‌రామ్‌గూడకు షేర్ ఆటోలో వెళ్ళేటప్పుడు రెండు పక్కలా అద్దాల మేడలే. అప్పుడు ఆ తోవంతా గుండ్లు, సీతాఫలం పొదలు, మధ్యలో జొన్న చేలు. ఎనిమిదిన్నరకు హోటల్ చేరాను. పెంకుటిల్లు, రెండు బల్లలు, ఒక పొయ్యి. పేపరు నాకంటే అరగంట ముందే చేరింది.

జంగయ్య సారు సవరణను ముందు మనసులో చదువుకున్నాడు. తరువాత పైకి చదివాడు. సాయన్న గోడకు ఆనుకుని టీ చల్లార్చుకుంటున్నాడు, తనకేమీ పట్టనట్టు.

“పాఠకుడొకరు అంటే సాయన్ననే అని ఏమున్నది?” అన్నాడు సారు.

“ఊర్ల పుట్లు కట్టేటోడు ఇంకెవడున్నడు సార్? మీరు గిట్ల కట్టిండ్రా?” అన్నాడు పొయ్యి దగ్గరున్న హోటలాయన.

పోయిన ఆదివారం సాయన్నను చూసి నవ్విన హోటలే ఈసారి సారును చూసి నవ్వింది. ఆయన కూడా కాసేపటికి నవ్వాడు. మంచి ఉపాధ్యాయుడు. నేను పరిచయం చేసుకున్నాక పేపరు మీద చేయి వేసి అన్న మాట నేను ఆఫీసులో చాలామందికి చెప్పాను.

“అచ్చుల తప్పు వడ్డది. తప్పని గూడ అచ్చులనే వడ్డది. గట్లయితె అచ్చును నమ్మచ్చు, ఏమంటవు ఎడిటర్ సాబ్?”

“ఆయితారం ఆయితారం చూసి చెప్త,” అన్నాడు సాయన్న.

సారు ఊరుకోలేదు. బొమ్మ ఇప్పుడు సరిగా ఉంది కాబట్టి అసలు ప్రశ్న తేల్చమన్నాడు: ఆ పడవ కట్టడం వాళ్ళకు ఎవరైనా నేర్పారా, వాళ్ళే కనిపెట్టుకున్నారా? సాయన్న పేజీని వెలుగుకు పట్టుకుని చూశాడు.

“ముద్దల రెండు పొరలున్నయి. ఒకపారి వోసినంక కారింది, మల్ల వోసిండ్రు. ఎట్ల వోసిండ్రో చెప్తది సార్. ఎవలు నేర్పిండ్రో ముద్దకేమెర్క?”

“మరి నీకెవలు నేర్పిండ్రు?”

“మా మామ. గని ఆయిన చెప్పింది సగం. పుట్టిలకు నీళ్ళొచ్చినంక తెలిసింది సగం.”

ఈ మాటలు శేషగిరి గారికి చేరవేశాను. తరువాతి వ్యాసంలో ఆయన వీటిని వాడుకోలేదు. ఒక్క ఫొటోలో కనిపించే పొరలను బట్టి రాయకూడదని, అసలు ముద్దను చూసినవాళ్ళను అడుగుతానని అన్నారు. మిత్రుడికి ఉత్తరం రాశారు. జవాబు వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ పడవల పుట్టుక మీద చర్చ మాత్రం ఇప్పటికీ సాగుతున్నట్టు అప్పుడప్పుడు చదువుతుంటాను.

అక్టోబరు మొదటి తేదీన నా ప్రొబేషన్‌ను ఆరు నెలలు పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. రామ్మూర్తి గారు నివేదికలో మూడు పద్దులనూ చూపించారు. మూడోది నేనే వచ్చి చెప్పానని ఒక వాక్యం రాశారట, కాని నిబంధన నిబంధనే. అది సరైన నిర్ణయమని అప్పుడు అనుకోలేదు. తరువాత నేను ఇన్‌చార్జినై ఇతరుల నివేదికలు రాయవలసి వచ్చినప్పుడు అనుకున్నాను.

చీటీ అతికించే ముందు ఫొటో వెనక చూడాలన్నది ఈ ఉదంతంలో చిన్న పాఠం. అది ఎవరైనా చెప్పగలరు. నేను నేర్చుకున్నది వేరు. ఆ తప్పు ఆదివారం నాడే ఇద్దరికి తెలిసింది. ఒకరు నా మీద దయతో ఊరుకున్నారు. ఇంకొకరు తన పని నిలబెట్టుకోవడం కోసం పట్నం దాకా వచ్చారు. పత్రికను సరిదిద్దింది రెండోవారే. పని తెలిసిన మనిషి కంప్లయింటుతో మెట్లెక్కి వచ్చినప్పుడు ముందు అతని మాట పూర్తిగా వినాలి, జవాబు తరువాత వెతుక్కోవాలి. ఆ తరువాత ఇరవై ఆరేళ్ళు నేను చేసిన పేజీల్లో మగ్గం బొమ్మ పడితే ముందు నేత పని చేసేవాళ్ళకూ, నాగలి బొమ్మ పడితే దున్నేవాళ్ళకూ చూపించాకే వ్యాఖ్య రాశాను. దానివల్ల పేజీ చాలాసార్లు ఆలస్యమైంది. రిజిస్టర్‌లో నాలుగో పద్దు పడలేదు.